దించిన శృతి

నేను పియానిస్టుని. నవ్వితే నవ్వండి, నాకు అలవాటే. ఎనభైల్లో స్టీల్ ప్లాంట్ కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లకి మన ఆఫీసర్లు బీచ్ రోడ్డు హోటల్లో విందులిచ్చేవారు. వాళ్ళు సూపు తాగుతుంటే ఓ మూల కూర్చుని సినిమా పాటలు వాయించింది నేనే. "మేడమ్, కొంచెం సిన్నగా వాయించండి, సార్లు మాటాడుకుంటన్నారు" అని సర్వర్ వచ్చి చెవిలో చెప్పేవాడు. అదీ నా కచేరీ వైభవం! కాన్వెంటులో పొద్దున్న ప్రార్థనకి వాయించడం, సాయంత్రం ఈ సూపు. నా కెరీర్ అంతా ఇంతే.

ఇలా అవ్వాల్సింది కాదు. మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆనందపురం అవతల పల్లెటూరి మనిషి. వన్ టౌన్‌లో చర్చి వెనక అద్దెకుండేవాళ్ళం. మా కాన్వెంటులో సంగీతం చెప్పే మిస్ ఆ వీధి చివర్లోనే ఉండేది. ఆంగ్లో ఇండియన్, ఒంటి మనిషి, గౌన్లు తనే కుట్టుకునేది. ముందు గదిలో వాళ్ళ తాతగారి పియానో. నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే రేవులో ఓడ కూస్తే అది పియానోలో ఏ మెట్టో చెప్పేసేదాన్ని. మిస్ గబగబా వెళ్ళి ఆ మెట్టు నొక్కి చూసేది. అదే! అప్పట్నుంచి ఫీజు మాట ఎత్తలేదు. నాకు కాలేజీ వయసు వచ్చేదాకా రోజూ కూర్చోబెట్టి చెప్పింది.

అప్పుడు బొంబాయిలో ఒక పెద్ద సంగీత కళాశాలకి ఎంపిక అన్నారు. చదువూ, హాస్టలూ అంతా వాళ్ళదే. మనవైపు వాళ్ళకి మద్రాసులో పరీక్ష. మరుసటి ఏటికి నాకు వయసు దాటిపోతుంది. అంటే ఉన్నది ఆ ఒక్క అవకాశమే. నాన్న పోర్టులో కనబడ్డవాడికల్లా చెప్పాడు. "మా గుంట మద్రాసెల్తన్నాది బావా! పియానో వాయిత్తే బొంబాయోళ్ళు ఊరికే సదువు సెప్పిత్తారంట!" మిస్ నాకు తెల్ల గౌను కుట్టి, తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. రైలెక్కేముందు నా చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ముసలావిడకి నేనంటే ఎంత ప్రేమో అనుకున్నాను. నా మొహం!

మద్రాసులో హాలు నిండా జనం. నాన్న వెనక వరుసలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను కూర్చుని మొదటి మెట్టు నొక్కాను. దాని పక్క మెట్టు పలికింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. మన ఇల్లే అనుకుని పక్కింట్లోకి వెళ్ళిపోయినట్టయింది. వేళ్ళు నేర్చుకున్న దారిన పోతున్నాయి, చెవి తప్పు తప్పు అని అరుస్తోంది. చెవి మాట విని వేళ్ళు ఓ మెట్టు పక్కకి జరిగాయి. ఇంకేముంది, అంతా కలగాపులగం. రెండుసార్లు మొదట్నుంచి ఎత్తుకున్నాను. మూడోసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.

పరీక్ష చేసేవాళ్ళలో ఒక పెద్దాయన లేచి వచ్చాడు. నన్ను కళ్ళు మూసుకోమని ఒక మెట్టు నొక్కి, అది ఏ మెట్టో చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోటి. చెప్పాను. ప్రతిసారీ దాని పై మెట్టు పేరే చెప్పానట. "నువ్వు నేర్చుకున్న పియానో సముద్రం దగ్గరుందా అమ్మా?" అని అడిగాడు. ఉప్పు గాలికి తుప్పుపట్టిన తీగల్ని పూర్తిగా బిగిస్తే తెగిపోతాయట. అందుకని శృతి ఒక మెట్టు దించేసి వదిలేస్తారట. "నీ చెవి ఆ దించిన శృతికే అలవాటుపడిపోయింది. మామూలు చెవి ఉన్న పిల్లయితే ఈపాటికి వాయించేసి లేచిపోయేది. నీది మరీ మంచి చెవి" అన్నాడు. జాలిపడుతూనే తర్వాతి అమ్మాయిని పిలిచాడు. ఆ పిల్ల ఏ తడబాటూ లేకుండా టకటకా వాయించేసి బొంబాయి వెళ్ళిపోయింది.

తిరుగు రైలెక్కాం. తుని దాటాక నాన్న అడిగాడు. "అయితే తప్పు నీది కాదేటే అమ్మీ?"

"కాదు నాన్నా. ఆ పియానోది."

"మరి ఇన్నేళ్ళూ దాని ముందు కూకున్న మడిసికి తెల్దేటి?"

స్టేషన్ నుంచి ఇంటికి కూడా పోలేదు, తిన్నగా మిస్ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మీకు తెలుసా మిస్?"

"తెలుసు" అంది. "నాకూ ఇలాగే అయింది. కలకత్తాలో, నీ వయసులో. నేర్చుకున్నది ఈ పియానో మీదే."

"మరి నన్నెందుకు పంపించారు?"

మిస్ కుర్చీలో కూర్చుంది. "పియానో వల్లే పోయిందని మా ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు. నీకు రాకే సాకు చెబుతున్నావన్నారు. కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది, నిజంగా నాకే రాలేదేమోనని. నాకంటే నువ్వు బాగా వాయిస్తావు. నీకూ అలాగే అయిందంటే..." అని ఆగి, గట్టిగా ఊపిరి వదిలింది. ఆవిడ మొహంలో బాధ లేదు. ఎన్నాళ్ళదో బరువు దిగిపోయినట్టుంది. ఆ క్షణంలో ఆవిడ పీక నులిమేద్దామనిపించింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ అనిపిస్తుంది.

"వెళ్ళి పడుకో. రేపు మామూలు టైముకే రా" అంది మిస్.

చచ్చినా ఆ గడప తొక్కనని నాన్నతో అన్నాను, ఏడ్చాను, తెల్ల గౌను చించి పారేశాను. మర్నాడు సాయంత్రం వెళ్ళాను. వెళ్ళక ఎక్కడికి పోతాను? నా చెవికి సరిగ్గా వినబడే పియానో అదొక్కటే.