రాత్రికి భయం మిగలకూడదు

మామగారికి పేకాట లేదు, పొగాకు లేదు, పొరుగువాళ్లతో తగాదా లేదు. ఉన్నది ఒకే ఒక్క అలవాటు. నిద్ర పట్టనివాళ్లు ఎవరైనా కంటబడితే చాలు, వాళ్లని పట్టపగలు హడలగొట్టి వదిలిపెడతారు. అది వైద్యమని ఆయన నమ్మకం.

"రోజుకి ఇంత భయం అని ప్రతి మనిషికీ ఉంటుంది" అంటారాయన. "పగలు పనిలో పడి దాన్ని ఎవరూ వాడరు. పక్క ఎక్కగానే అదంతా ఒక్కసారి మీద పడుతుంది. పగలే వాడేశామనుకోండి, రాత్రికి మిగలదు. ముప్పై రెండేళ్లు ఫైర్ స్టేషన్లో చేశాను. ఇల్లు తగలబడి బయటికొచ్చినవాళ్లు రోడ్డు పక్కన దుప్పటి మీద ఎలా నిద్రపోతారో మీరు చూడాలి!"

ఈ వైద్యానికి అప్పటికి ఇద్దరు రోగులు దొరికారు. మొదటిది పక్కింటి టీచరమ్మ. ఒక ఆదివారం మామగారు ఎవరిదో కోటు తొడుక్కుని, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లి, ఆవిడ తలుపు కొట్టి "తనిఖీ" అన్నారు. ఆ రాత్రి ఆవిడ ఎంత నిద్రపోయిందంటే, మర్నాడు బడివాళ్లు ఏమైందోనని మనిషిని పంపారు. రెండోవాడు మందులషాపాయన. ఊరందరికీ నిద్రమాత్రలు అమ్మి తను మేలుకుని ఉండేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటుంటే మామగారు గుమ్మంలో నిలబడి, "షట్టర్ వెయ్యలేదేమిటండీ?" అని అడిగారు. ఆయన ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. షట్టర్ వేసే ఉంది. ఆ రాత్రి బాగానే నిద్రపోయాడు గాని, ఆనాటి నుంచి మామగారితో మాట లేదు.

మూడో రోగి సొంత అల్లుడు. పైగా ఒకే ఇంట్లో ఉంటాడు. పారిపోవడానికి వీలులేని రోగి.

అల్లుడిది అద్దాల షాపులో గాజు కోసే పని. కట్టర్ని కిరోసిన్‌లో ముంచి, స్కేలుకి ఆనించి, ఆగకుండా ఒక్క గీత గీస్తే గాజు చెప్పినట్టు వినేది. పద్నాలుగేళ్లు విన్నది. నాలుగు నెలల కిందట ఒక షోరూమ్ అద్దం గీతని వదిలేసి అడ్డంగా చీలిపోయింది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. మర్నాడు మండే కళ్లతో పనికెళితే చెయ్యి వణికింది, ఇంకో అద్దం పోయింది. దాంతో ఆ రాత్రీ నిద్ర లేదు. నిద్ర లేక అద్దాలు పగిలేవి. అద్దాలు పగిలి నిద్ర పోయేది.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. పడుకోబోయే ముందు వేడి పాలు తాగాడు. పాదాలకి నూనె రాసుకున్నాడు. వెయ్యి నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. సున్నా దాటాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. డాక్టరు మాత్రలు వేసుకుంటే మర్నాడు పదిగంటల దాకా వేళ్లు వేరేవాళ్లవిలా ఉండేవి. మామగారు ఇవన్నీ చూసి పెదవి విరిచారు.

"పాలకి నిద్రొస్తే దూడ ఎప్పుడైనా లేచేదా అల్లుడుగారూ? నూనెకి నిద్ర రాదు, జారిపడతారు."

అప్పుడే షాపు యజమాని కబురు పేల్చాడు. "వచ్చే శుక్రవారం డాన్సు స్కూలు అద్దం కొయ్యాలి. పెద్ద పలక, పూర్తయ్యాక ఎనిమిదడుగులకి ఆరడుగులు. రెండోది తెప్పించే వీల్లేదు. నువ్వే కొయ్యి. పగిలిందనుకో, శనివారం నుంచి కౌంటర్లో కూర్చుని ఫొటో ఫ్రేములు అమ్ముకుందువుగాని. నీమీద కోపం కాదయ్యా, నాకూ నిద్ర పట్టాలిగా!"

ఆ సాయంత్రమే వైద్యం మొదలైంది. స్నానాల గది తలుపు తీస్తే మామగారు. బీరువా తీస్తే మామగారు. ఒకసారి చెప్పుల కోసం మేడమెట్ల కిందకి చెయ్యి పెడితే, చెప్పులకి బదులు మామగారి చెయ్యి దొరికింది. అన్నిటికన్నా ఘోరం భోజనం దగ్గర జరిగింది. అల్లుడు ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడో లేదో, ఆయన రహస్యంగా అన్నారు:

"అల్లుడుగారూ, కదలకండి."

అల్లుడు ముద్ద పట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు. వీపు మీద చెమట కాలవ కట్టింది. పది నిమిషాలకి, "ఏముంది మామయ్యగారూ?" అన్నాడు.

"ఏమీ లేదు. బ్రహ్మాండంగా భయపడ్డారు. ఇక తినండి."

రెండు రోజుల్లో అతను చొక్కా తొడుక్కునే ముందు చేతుల్లోకి తొంగిచూడడం నేర్చుకున్నాడు. గోడకి వీపు ఆనించి తప్ప కాఫీ తాగడు. షాపు దగ్గర కూడా వీధి చివరి దాకా చూసి గాని లోపలికి అడుగుపెట్టడు. ఒక్క విషయం మాత్రం మెచ్చుకోవాలి. చేతిలో కట్టర్ ఉన్నంతసేపూ మామగారు అతని జోలికి వెళ్లేవారు కాదు.

"మీ నాన్నగారికి నువ్వు చెప్పు" అన్నాడు భార్యతో.

"మీరే చెప్పండి."

"నాకు భయం."

"చూశారా, మందు పనిచేస్తోంది!"

కానీ పని చెయ్యలేదు. పగలు మామగారి భయం, రాత్రి అద్దం భయం. ఒకటి వస్తే రెండోది పోతుందనుకుంటే, రెండూ కలిసి కాపురం పెట్టాయి. ఆదివారం పొద్దున మామగారే దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు.

"అసలు పక్కమీద పడుకున్నాక ఏం గుర్తొస్తుందండీ మీకు? పగలడమేనా?"

"పగలడం కాదు మామయ్యగారూ. పగిలే ముందు గాజు టిక్ మంటుంది. చాలా చిన్న చప్పుడు. అది వినబడ్డాక ఇక చేసేదేమీ ఉండదు, చూస్తూ నిలబడాలి. రాత్రంతా అదెక్కడ వినబడుతుందోనని కాచుకుని ఉంటాను."

మామగారు చేతిలో టీ సగం ఉండగానే లేచి వెళ్లిపోయారు.

సోమవారం ఆయన భయపెట్టలేదు. మంగళవారమూ లేదు. బుధవారానికి అల్లుడికి అన్నం సహించడం మానేసింది. బీరువా తీస్తే బట్టలే ఉన్నాయి. అదేం ఎత్తో అర్థం కాలేదు. ఆయన మాత్రం గోనెసంచులు మోసుకొచ్చి పెరట్లో దాచడం, పెరటి తలుపు గడియ పెట్టుకోవడం. లోపల్నుంచి భళ్లు భళ్లున చప్పుళ్లు. గురువారం సాయంత్రం అతను పనినుంచి వచ్చేసరికి భార్య పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నారక్కడ?"

"పాత సామాన్ల కొట్టు నుంచి కిటికీ అద్దాలు తెచ్చారు. మీ టిక్ చప్పుడు నేర్చుకుంటారట. పగలు మీకు అది వినిపించి, దాని భయం అంతా తీర్చేస్తారట." ఆమె గొంతు తగ్గించింది. "మీకో సంగతి చెప్పలేదు. ఆ చప్పుడంటే నాన్నకి ప్రాణాలు పోతాయి. మంటల్లో కిటికీ అద్దం టిక్ మంటే ఆ గదిలోకి అడుగుపెట్టకూడదట, మంట ఒక్కసారిగా ఎగదన్నుతుందట. ఓసారి విని కూడా వెళ్లి కనుబొమలు కాల్చుకొచ్చారు. ఇప్పటికీ నేను గాజుగ్లాసులు కడుగుతుంటే వీధిలోకి వెళ్లిపోతారు."

"మరి నన్నెలా చేసుకోనిచ్చారు?"

"ఆ రోజంతా మంచమెక్కారు."

అల్లుడు గడియ తీయించుకుని లోపలికెళ్లాడు. మామగారు బల్ల ముందు నిలబడి ఉన్నారు. ముఖం పాలిపోయింది. చెవుల్లో దూది. నాలుగు వేళ్లకి గుడ్డపీలికలు. కట్టర్ని పాముని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నారు.

"ఓడిపోయాను అల్లుడుగారూ" అన్నారు దూది తీస్తూ. "పదిహేడు అద్దాలయ్యాయి. ఒక్కటీ టిక్ మనదు. అన్నీ ఒకేసారి భళ్లుమంటాయి."

"అంత నొక్కితే భళ్లు మనక ఏమంటుందండీ? తవ్వుతున్నారా, కోస్తున్నారా? ఇలా పట్టుకోవాలి. మణికట్టు కదలకూడదు. మొదలుపెడితే ఆగకూడదు. ఒకసారి గీసిన గీత మీద మళ్లీ గియ్యకూడదు."

తనే ఒకటి గీసి, కిందనుంచి తట్టి చూపించాడు. గాజు టిక్ మంది. మామగారు అమ్మో అని అల్లుడి భుజం పట్టుకున్నారు.

"ఇదేనండీ. సరిగ్గా కోసినా ఇదే అంటుంది. గీత వెంట వెళితే మంచి టిక్కు, వదిలి వెళితే చెడ్డ టిక్కు."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"మీరు గియ్యండి, చెబుతాను."

చీకటిపడే దాకా ఆ పెద్దమనిషి చేత గీయించాడు. ఒక్కో టిక్కుకీ మామగారు గెంతేవారు, అల్లుడు విసుక్కునేవాడు. విసుగులో తన చెయ్యి వణకడంలేదన్న సంగతి అతను చూసుకోలేదు. సంచులు ఖాళీ అయ్యాయి. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అదేమంత సులువుగా పోయే జబ్బు కాదు.

శుక్రవారం పన్నెండింటికి పెద్ద అద్దాన్ని నలుగురు కలిసి బల్లమీద పడుకోబెట్టారు. యజమాని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అల్లుడు బల్ల దగ్గరికి వచ్చాడు. కట్టర్ ముంచాడు, స్కేలు సరిచూశాడు, గీత మొదలుపెట్టాడు. సగం దూరంలో భయం మెడ దాకా వచ్చింది. తవ్వుతున్నారా, కోస్తున్నారా అని తనని తనే కసురుకున్నాడు. గీత ఆగలేదు. కిందనుంచి మెల్లగా తట్టాడు. టిక్.

మంచి టిక్కే.

"హమ్మయ్య" అన్నాడు యజమాని గోడతో.

అద్దాన్ని ఎత్తి నిలబెట్టారు. అందులో షాపు అంతా కనిపించింది. వెనక వీధిగుమ్మం, గుమ్మంలో మామగారు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చెవుల్లోనూ వేళ్లు దూర్చుకుని, పెదవులు కదుపుతూ నిలబడి ఉన్నారు.

"పొద్దున్నించీ నీకు కనబడకుండా అక్కడే" అన్నాడు యజమాని. "లోపలికి రండి అంటే, భయమండీ అన్నారు. ఇంటికెళ్లండి అంటే, అదింకా భయమండీ అన్నారు."

అల్లుడు దగ్గరికెళ్లాడు. పిలిస్తే వినబడదు. చెయ్యి వేస్తే ఎగిరిపడతారు. ఎలా చెప్పినా హడలిపోయేలా ఉన్నారు. సరే, ఆయనంతట ఆయన కళ్లు తెరిచేదాకా ఉందామని స్టూలు లాక్కుని ఎదురుగా గోడ పక్కన కూర్చున్నాడు.

మామగారు కళ్లు తెరిచేసరికి, నిలబెట్టిన అద్దం ఒకవైపు, గోడకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్న అల్లుడు ఇంకోవైపు కనబడ్డాడు. ఆయన అద్దం సంగతి పట్టించుకోలేదు. చెప్పులు విడిచి, మునివేళ్లమీద నడిచి వీధిలోకి వెళ్లి, షాపుకి అడ్డంగా చేతులు చాపుకుని నిలబడ్డారు. ఆ సాయంత్రం దాకా ఆ వీధిలో హారన్ కొట్టడానికి లారీలవాళ్లకి కూడా గుండెలు చాలలేదు.