తుమ్మబంక తోక

ఆళ్లగడ్డలో రాయి కొట్టే ఇళ్ల వెనక పగిలిన బొమ్మల కుప్పలు ఉంటాయి. గురుస్వామి ఇంటి వెనక కుప్ప మాత్రం పెరగడం ఆగిపోయింది. ఆ వింతను మొదట గమనించింది అతని భార్య సరస్వతి. పదో తరగతి దాకా చదివిన మనిషి. ఏ పనైనా ఎట్లా జరుగుతోందో తెలిసేదాకా ఊరుకోదు.

వెతగ్గా ఒక సత్తు గిన్నెలో నల్లటి ముద్ద దొరికింది.

"ఏమయ్యా, ఇదేందీ?"

"మందు."

"ఎవురికి?"

"రాతికి!" అని నవ్వాడు. తుమ్మబంకలో రాతిపొడి కలిపి, విరిగిన ముక్కను అతికించి, నూనె పట్టిస్తే అతుకు కనపడదు. నంద్యాల దళారీ ఆదినారాయణ తెచ్చే బేరాలన్నీ గేట్ల మీది సింహాలు, లాడ్జీల ముందు నిలిపే నర్తకి బొమ్మలు. "సింహానికి చెవి అతుకైతే ఎవురికి నష్టం?" అన్నాడు గురుస్వామి. సరస్వతికీ సబబే అనిపించింది. స్కూటర్ వచ్చింది. కూతురు నంద్యాల కాన్వెంటుకు పోతోంది.

1981లో బనగానపల్లె పక్క ఊరికి ఆంజనేయస్వామిని చెక్కుతుండగా తోక కొస ఊడింది. అలవాటుగా మందు పూశాడు. విగ్రహం బండెక్కింది. నాలుగు రోజులకు ఆ ఊరి పెద్ద సంజీవయ్య తాంబూలంతో వచ్చాడు.

"ఎల్లుండి సామిని జలాధివాసానికి దించుతాండాం. మూడు దినాలు నీళ్లలోనే. నువ్వు రావాలప్పా."

ఆయన వెళ్లగానే గురుస్వామి తోక అతుకు సంగతి భార్యకు చెప్పాడు. సింహాలు చేసీ చేసీ, దేవుణ్ణి నిలబెట్టే ముందు నీళ్లలో ఉంచుతారన్న సంగతే మరిచిపోయాడు.

సరస్వతి ఒక అతుకుముక్కను చెంబులో వేసి చూసింది. సాయంత్రానికి విడిపోయింది.

"పా, పోయి చెప్దాం."

"చెప్తే ఇంగ నాకెవురిస్తారే పని?"

"చెప్పకుంటే? నీళ్లల్లో ఊడితే, విరిగిన సామిని ఇచ్చినారని, ఆ ఊర్లో ఏ బిడ్డకు జొరమొచ్చినా మన పేరే ఎత్తుతారు. మనకూ బిడ్డ ఉంది."

మరునాడు బస్సు దిగి చెప్పారు. ఊరు ఊరంతా విగ్రహం చుట్టూ మూగింది.

"యాడ? యాడప్పా అతుకు?"

గోటితో గీకారు, కళ్లు చికిలించి చూశారు. ఎవరికీ దొరకలేదు. "ఒట్టిదే! దిష్టి తగులుతాదని ఈయప్పే పుకారు పుట్టిస్తాండాడు," అందో ముసలామె. అంతా నవ్వారు. అప్పుడు భర్త ముఖంలో తళుక్కుమన్న గర్వాన్ని సరస్వతి చూసింది. చేసిన తప్పు కన్నా అదే ఆమెను భయపెట్టింది. ఎవరినీ అడగకుండానే తన పైట చెంగు చింపి, తడిపి, తోకకు చుట్టింది. ఆరినప్పుడల్లా నీళ్లు పోసింది. పనులు మానుకుని జనం ఎదురుచూశారు.

పొద్దు వాలే వేళకు గుడ్డతో పాటు తోక కొస కూడా ఊడి వచ్చింది.

సంజీవయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బలే చేసినావప్పా," అన్నాడు. ఆ మెప్పుకు గురుస్వామి తల దించుకున్నాడు.

రెండో విగ్రహం ఆ ఊళ్లోనే, అందరి కళ్ల ముందే చెక్కాలన్నారు. కూలి లేదు. తిండి మాత్రం పెడతామన్నారు. సరే అన్నాడు. మొదటి నెలలోనే విగ్రహం వేలి దగ్గర చిన్న పెచ్చు ఎగిరింది. అప్పుడు పక్కన ఎవరూ లేరు. గురుస్వామి ఉలి కింద పెట్టి సంజీవయ్య ఇంటికి నడిచాడు.

"పోయిందన్నా," అన్నాడు. "ఇంకో రాయి తెప్పించల్ల."