ఇల్లు నా పేరున, అప్పు మీ తాత పేరున

ఎనభైల్లో మేము బెంగళూరులో ఇల్లు కట్టినాము, పిల్లలూ. ఇంటి ఆడదాని పేరున సైటు కొంటే కలిసొస్తాదని మావాళ్ల నమ్మకం. అందుకే సైటు నా పేరున కొనిరి. ఇల్లు కట్టేదానికి అప్పు మాత్రం మీ తాత చేసె. ఇంటప్పుకు కట్టే వడ్డీని జీతంలో తీసేసి, మిగిలినదానికే సర్కారు పన్ను వేస్తాదని ఎవరో చెప్పిరి. ఆ ఆశతో ఇద్దరం పన్ను ఆఫీసుకు పోతిమి.

"ఇల్లు ఎవరిదమ్మా?" అని అక్కడి ఆఫీసరు అడిగె.

మీ తాత నోరు తెరిచేలోపలే, "నాదే సామీ, గేటు మింద నా పేరే ఉండాది," అంటిని.

"అట్లయితే ఈయప్పకు తగ్గింపు రాదమ్మా. ఇల్లు ఎవరిదో వాళ్లకే అది."

నాకు జీతమే లేదు, తగ్గింపు ఏం చేసుకునేది? నేను "నాదే" అన్న జోరుకు వెనకాల నిలబడినోళ్లు నవ్విరి. నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటిని.

బస్సులో మీ తాత మెల్లగా, "ఓనరమ్మా, బాడిగ మటుకు అడగద్దు," అనె. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు ఆయన పన్ను పూరా కట్టె. గేటు ముందర ముగ్గేసి లేస్తే నా పేరు కనపడేది. తలెత్తి దాన్ని చూసేదానికి నాకు శానా దినాలు సిగ్గయితా ఉండె.