పొగరాని పొయ్యికి పొగ

మిత్రులందరికీ నమస్కారములు.

ఏటా పత్తితీతలయ్యాక మా పొగరాని పొయ్యి గొట్టం దులపడం ఆనవాయితీ. ఈ ఏడు వాయిదా వేశాను. ఈ ఉదయం నా భార్య, "పొగరాని పొయ్యికి పొగొస్తోందండీ," అన్నది.

"పరస్పర విరుద్ధం. వాక్యం సరిచూసుకో."

"వాక్యం తర్వాత దిద్దుదురుగాని, ముందు గొట్టం చూడండి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి!"

ఆమెను వసారాలో కూర్చోబెట్టి, పొయ్యి ఆర్పి, గొట్టంలోకి వెదురుగడ దూర్చాను. మసితోపాటు ఉడుతగూడు రాలింది. గూడంతా పత్తి, అంచులు అప్పటికే కమిలి ఉన్నాయి.

సాయంత్రం తేరుకొని ఆమె మళ్ళీ అగ్గిపుల్ల గీసింది. పెరట్లోంచి పైకి చూశాను. గొట్టం మీద అదే ఉడుత, నోట కొత్త పత్తి.

"వద్దు!" అని అరిచాను. కర్త లేదు, కర్మ లేదు, ఆమెకు అర్థమైంది.

మీ గొట్టం ఎప్పుడు దులిపారు? పొయ్యి దగ్గరున్నవారికి వినబడేలా ఈ లేఖను పైకి చదవండి.