మూడాటలోడి ఎడమ మోకాలు

మా బావమరిది టైల్స్ వేస్తాడు. నేను అతనికి మాలు కలిపి అందిస్తాను. సిమెంటూ ఇసుకా నీళ్లూ నా పని, టైలూ రబ్బరు సుత్తీ మట్టమూ అతని పని. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, పనిలో నాకంటే పైవాడు. ఇంట్లో నేను బావని, సైటులో అతను మేస్త్రీ. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ పేచీ వచ్చింది ఒక్కసారే, అదీ అతని మోకాలి గురించి.

సైటులో అందరూ అతన్ని మూడాటలోడు అంటారు. ట్రయాథ్లాన్ అని ఒక పోటీ ఉంది. ముందు ఈత కొట్టాలి, ఒడ్డుకొచ్చి ఆ తడి ఒంటితోనే సైకిలెక్కాలి, సైకిలు దిగి పరుగెత్తాలి. మధ్యలో కూర్చుని టీ తాగడం లాంటివేం ఉండవు. దాన్ని మావాడు తలకెత్తుకున్నాడు. మా సైటులో రంగులేసే పెయింటరుకి ఇదంతా పెద్ద వేడుక.

"ఒక్క పని చేసేసరికే మాకు నడుం పడిపోతోంది. నీకు మూడు కావాల్సొచ్చాయా?"

"నాలుగోది నీతో మాట్లాడ్డం. అన్నిటికంటే ఒళ్లు హూనమయ్యేది అదే" అనేవాడు మావాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. కొన్నేళ్ల కింద ఒక క్లబ్బులో ఈత కొలనుకి టైల్స్ వేశాం. అడుగంతా నీలం, మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి నల్ల గీత. ఈదేవాళ్లు తల నీళ్లలో పెట్టి ఆ గీతనే చూస్తూ నేరుగా పోతారట. దారం కట్టి ఆ గీత వెయ్యడానికి మావాడు ప్రాణం పెట్టాడు. కొలను నింపిన రోజున ఒడ్డున నిలబడి చూస్తే, నీళ్ల కింద ఆ గీత పాములా మెలికలు తిరుగుతూ కనిపించింది. మావాడి మొహం మాడిపోయింది.

"ఒడ్డు నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. లోపలికి దిగి చూడు, తెలుస్తుంది" అన్నాడు అక్కడి ఈత మాస్టారు.

దిగడానికి మావాడికి ఈత రాదు. తను వేసిన గీత వంకరో తిన్ననో తేల్చుకోవడానికే నేర్చుకున్నాడు. గీత తిన్నగానే ఉంది. కానీ అప్పటికి నీళ్లు వదల్లేకపోయాడు. తర్వాత పాత సైకిలొకటి సంపాదించాడు. తర్వాత బూట్లు. పెళ్లి మాట ఎత్తితే సైకిలు గొలుసుకి నూనె పెడుతూ కూర్చునేవాడు. మా ఇంటి మేడ మీద గదిలోనే ఉంటాడు. తెల్లారకముందే మెట్లు దిగి వెళ్లిపోయేవాడు, పనివేళకి సైటులో ఉండేవాడు.

నిరుడు మొదటిసారి పోటీకి వెళ్లాడు. నేనూ మా ఆవిడా చూడ్డానికి వెళ్లాం. పరుగు ఆఖర్న గాలి నింపిన పెద్ద కమాను ఒకటి నిలబెట్టారు, దాని కింద నుంచి దాటితే అయిపోయినట్టు. మావాడు వచ్చేసరికి అందరూ ఇళ్లకెళ్లిపోయారు. గాలి కొట్టే మోటారు ఆపేశారు. కమాను నేల మీద పడి ఉంది, ఇద్దరు మనుషులు దాన్ని చుట్ట చుడుతున్నారు. మావాడు దాని మీద నుంచే దాటాడు. వాళ్లు పాపం మడత ఆపి చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఒకే మాట అన్నాడు.

"వచ్చే ఏడు అది నిలబడి ఉండగా దాటాలి బావా."

ఆ మాట పట్టుకుని ఏడాదంతా కష్టపడ్డాడు. పోటీ కొన్ని వారాల్లో ఉందనగా మోకాలు మొరాయించింది.

మాకు చెప్పలేదు. చెబితే అక్క పోటీకి వెళ్లనివ్వదు, సైటంతా చూసుకునే పెద్ద మేస్త్రీ పనిలోంచి తప్పిస్తాడు. అదీ అతని లెక్క. నాకు తెలిసిందల్లా మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుంటున్నాడని. అడిగితే, "తుప్పు పట్టిందేమో చూస్తున్నా" అన్నాడు.

టైల్స్ వేసే వాళ్లకి ఎవరి అలవాటు వాళ్లకుంటుంది. మావాడు ఎప్పుడూ ఎడమ మోకాలు నేల మీద ఆనించి, కుడి కాలు మడిచి నిలబెట్టి పని చేస్తాడు. అలా కూర్చుంటేనే అతని చెయ్యి కుదురుగా పడుతుంది. నొప్పి మొదలయ్యాక ఎవరికీ చెప్పకుండా మోకాలు మార్చాడు. కుడిది కింద, ఎడమది పైన. నేను బకెట్టు అందించేటప్పుడు చూశాను. అయినా పట్టించుకోలేదు. అలిసిపోయి కాలు మార్చుకున్నాడనుకున్నాను.

అలా కూర్చుని ఒక ఫ్లాటులో బాత్రూమ్ నేల వేశాడు. మర్నాడు పెద్ద మేస్త్రీ వచ్చి బకెట్టుతో నీళ్లు కుమ్మరించాడు. నీళ్లన్నీ జాలీ వైపు పోవాలి కదా. సగం పోయాయి. మిగతా సగం గోడ మూల మడుగు కట్టి మమ్మల్నే చూస్తూ కూర్చున్నాయి.

పెద్ద మేస్త్రీ నా వైపు తిరిగాడు. "మాలు పలచన చేశావు. టైలు జారి కిందకి దిగిపోయింది. ఎన్నేళ్ల నుంచి కలుపుతున్నావయ్యా? చేతులు కలుపుతుంటే కళ్లు ఎక్కడ పెడతావు?"

ఆ రోజు మాలు బాగానే కలిపాను. కానీ ఈ వయసులో ఎదురు చెప్తే రేపు బకెట్టు ఇంకొకడి చేతికెళుతుంది.

మావాడు లేచి నిలబడ్డాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"మాలు బాగానే ఉందండి. నా మోకాలే బాలేదు."

"ఏంటి?"

"ఎడమ మోకాలు ఆనించలేకపోతున్నా. కుడి మీద కూర్చుని వేశా. చెయ్యి తేడాగా పడింది. ఈ మూల మట్టం పెట్టి చూడాల్సింది, లేచి అటు వెళ్లడానికి బద్ధకించా. బావనేం అనకండి."

బాత్రూమ్‌లో ఉన్నది ముగ్గురం. అప్పుడు గుమ్మం బయట నుంచి పెయింటర్ గొంతు వినబడింది. "మూడాటలోడికి నాలుగో ఆట దొరికింది. కుంటాట."

పెద్ద మేస్త్రీకి నవ్వొచ్చింది, కోపం సగం అందులో పోయింది. "ముందు డాక్టరుకి చూపించు. నేల మళ్లీ వేద్దువుగాని" అన్నాడు.

దారిలో మావాణ్ని చెడామడా తిట్టాను. నన్ను కాపాడినందుకు కాదు, నాకు చెప్పనందుకు. ఆ ఒక్క పేచీ అదే.

డాక్టరు కాలు వంచి చూసి, ఎముకకేం కాలేదు, వ్యాయామాలతో తగ్గుతుందని ఫిజియో మేడం దగ్గరకి పంపింది. ఆవిడ నిదానస్తురాలు. పనెలా చేస్తావు, ఎలా కూర్చుంటావు, సైకిలెలా తొక్కుతావు, అన్నీ అడిగింది. సైకిలు కూడా తెమ్మంది. తెచ్చాక, సీటు మీద కూర్చోబెట్టి పెడలు తొక్కించింది.

"సీటు ఎవరు బిగించారు?"

"నేనే మేడం. మట్టం పెట్టి మరీ చూసుకున్నా. అటూ ఇటూ వెంట్రుకంత తేడా లేదు."

"మట్టం బ్రహ్మాండంగా ఉంది. ఎత్తే లేదు. ఇంత కిందకి ఎందుకు దింపారు?"

"కూర్చుంటే రెండు కాళ్లూ నేలకి ఆనాలి కదా మేడం. లేకపోతే నాకు ధైర్యం ఉండదు."

పొద్దస్తమానం నేలకి అంటుకుని బతికే వాడు ఇంకెలా పెడతాడు? నాకైతే ఆ మాటలో తప్పేం కనబడలేదు. అప్పుడు ఆవిడ విడమరిచి చెప్పింది. సీటు అంత కిందకుంటే ప్రతి తొక్కుకీ మోకాలు మరీ ఎక్కువ వంగుతుంది, చిప్ప వెనక ఒత్తిడి పడుతుంది. దానికి తోడు రోజంతా అదే మోకాలి మీద కూర్చోవడం, తెల్లవారుజామున పరుగు. కాలికి ఊపిరి తీసుకునే వేళే లేదు. సీటు పైకెత్తాలి. పనిలో మోకాళ్ల మీద కూర్చోకుండా చిన్న పీట వేసుకోవాలి. పరుగూ సైకిలూ మానాలి. ఈత కొట్టొచ్చు, కాళ్లు ఎక్కువ ఆడించకుండా, చేతుల మీద.

"పోటీ ఉంది మేడం" అన్నాడు మావాడు, బడిలో సెలవడిగే పిల్లాడిలా.

"ఎడమ కాలొక్కదాని మీద నిలబడి, మోకాలు లోపలికి ఊగకుండా, మెల్లగా సగం కూర్చుని లేవండి. అది చెయ్యగలిగిన రోజున నన్ను అడగండి."

అక్కడే ప్రయత్నించాడు. సగం కూడా వంగకముందే మోకాలు గాలిలో జెండాలా ఊగింది. నేను పట్టుకోకపోతే మేడం బల్ల మీద పడేవాడు.

అప్పటి నుంచి గోడకి ఆనుకుని కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం, తొడకి రబ్బరు పట్టీ కట్టి కాలు లాగడం. మేడ మీద నుంచి మూలుగులు వినబడుతుంటే మా ఆవిడ కింద నుంచి అరిచేది. "ఒరేయ్, కాలికా, పంటికా వైద్యం?"

బాత్రూమ్ టైల్స్ ఊడదీసి పీట మీద కూర్చుని మళ్లీ వేశాడు. మోకాలి మీద అయితే పూట పని. పీటతో రోజంతా పట్టింది. జరగడం, లేవడం, పీట లాక్కోవడం. పీట కాలు తగిలి టైలు కదిలితే మళ్లీ మొదలు. అయినా విసుక్కోలేదు. పూర్తయ్యాక గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాడు. ఎక్కడ పని చేసినా అంతే, నేల గట్టిపడే దాకా పురుగుని కూడా లోపలికి రానివ్వడు. ఒకసారి ఫ్లాటు కొనుక్కున్న ఆయన్నే గుమ్మం దగ్గర నిలబెట్టాడు. "పైకి గట్టిగానే ఉందండి, లోపల ఇంకా పచ్చిగానే ఉంది" అని.

కొన్నాళ్లకి నొప్పి తగ్గింది. అక్కడే అసలు తంటా. నొప్పి ఉన్నన్నాళ్లూ బుద్ధిగా ఉన్నవాడికి, అది తగ్గేసరికి కాళ్లు ఆగలేదు. ఒక తెల్లవారుజామున మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మా ఆవిడ నాకంటే ముందు లేచింది. నేను వెళ్లి చూసేసరికి కింది వాకిలికి అడ్డంగా చెక్క ఉంది, దానికి వీధి వైపు మా ఆవిడ, మెట్ల వైపు మావాడు.

"ఇదేంటక్కా?"

"నీ చెక్కే. దాటు చూద్దాం."

"నొప్పి లేదే."

"పైకి లేదు. లోపల సంగతి నువ్వే చెప్తావుగా ఊరందరికీ."

మావాడు చెక్క వైపూ, అక్క వైపూ చూశాడు. తర్వాత మెట్టు మీద కూలబడి బూట్ల లేసులు విప్పుకున్నాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ రోజు ముగ్గురం కలిసి టీ తాగాం, ఎవరం పోటీ మాట ఎత్తలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. పేరు ముందే ఇచ్చేశాడు. ఈత వరకే, ఒడ్డెక్కాక ఆపేస్తానని మేడంకి మాటిచ్చాడు, అక్కకీ ఇచ్చాడు. కానీ సైకిలు తీసుకొచ్చాడు. "అక్కడ సైకిలు పెడితేనే లోపలికి రానిస్తారక్కా" అన్నాడు. నిజమో కాదో మాకేం తెలుసు?

రిజర్వాయరు ఒడ్డున జనం. ఒకేసారి అందరూ నీళ్లలోకి దూకితే ఎవరు ఎవరో తెలియలేదు. నిరుడు ఈతలోనే ఆఖరి నలుగురైదుగురితో ఒడ్డెక్కాడు కాబట్టి మేం తీరిగ్గా నిలబడ్డాం. ఉన్నట్టుండి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మావాడు అప్పుడే ఒడ్డెక్కుతున్నాడు. ఇన్ని వారాలూ చేతుల మీదే ఈదాడు కదా, ఆ చేతులే లాక్కొచ్చాయి. ఇంకా ఎంతోమంది నీళ్లలోనే ఉన్నారు.

దూరంగా కమాను కనిపిస్తోంది. ఎర్రగా, నిండుగా, గాలికి కొంచెం ఊగుతూ.

మావాడు సైకిలు దగ్గరకి వచ్చాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ బిగించాడు.

"మాటిచ్చాడు కదండీ" అంది మా ఆవిడ. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. పిలవాలనుకున్నాను. పిలిస్తే ఆగుతాడని నాకు తెలుసు. అయినా పిలవలేదు. ఏడాదంతా ఏ కమాను కోసం చచ్చాడో అది ఎదురుగా ఉంది, వద్దని అనడానికి నేనెవర్ని?

అతను సైకిలు ఎక్కలేదు. సీటు మీద ఒక చెయ్యి వేసి, కుడి కాలు ఎత్తాడు. చెయ్యి తీసేశాడు. చుట్టూ మనుషులు సైకిళ్లు లాక్కుని పరిగెడుతుంటే, వాళ్ల మధ్యలో ఒంటికాలి మీద మెల్లగా వంగాడు. సగం దాకా వెళ్లాడు. ఆ రోజు మేడం దగ్గర వెళ్లలేనంత లోతుకి వెళ్లాడు. అక్కడ మోకాలు లోపలికి ఊగింది. కొంచెమే. కంచె ఇవతల ఉన్న నాకు కూడా కనబడింది.

కాలు దించి, ఇంకోసారి చూశాడు. మళ్లీ ఊగింది.

హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించాడు. చీలమండకి కట్టిన, పోటీ టైము కొలిచే పట్టీ విప్పి, అక్కడున్న వలంటీరు అమ్మాయి చేతిలో పెట్టాడు.

"అయ్యో, ఇంత ముందొచ్చి ఆపేస్తున్నారేంటంకుల్?" అందా అమ్మాయి. "పోనీ ఆ కమాను కింద నిలబడండి, ఒక ఫోటో తీస్తాను."

"వద్దమ్మా. దాని కిందకి పరిగెత్తుకుంటూనే వస్తా. ఇవాళ పక్కనుంచి పోతా."

అలాగే సైకిలు నడిపించుకుంటూ కమాను పక్కనుంచి చుట్టు తిరిగి మా దగ్గరకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్లలో ఈదాడు కదా అనుకున్నాను, అంతకంటే తవ్వలేదు. మా ఆవిడ తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమంది.

తిరిగొచ్చే దారిలో కొంత దూరం పోయాక సైకిలు నా వైపు తోశాడు.

"ఎక్కు బావా. నేను తొక్కకూడదు, నువ్వు తొక్కొచ్చుగా."

ఎక్కి కూర్చున్నాను. మేడం పైకెత్తించిన సీటు. రెండు కాళ్లూ గాలిలో వేలాడాయి. వంకర్లు పోతూ రోడ్డంతా నాదే అయిపోయింది.

"ఒరేయ్, కాళ్లు ఆనట్లేదురా!"

"ఆనవు బావా" అన్నాడు వెనక నుంచి సీటు పట్టుకుని, మెల్లగా నడుస్తూ. "ముందుకి చూసి తొక్కు. అలవాటవుద్ది."