అంబాసిడర్ ట్యాంకుకు పడిన సొట్ట

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలంలో ఇల్లందులోని ఒక పాత అంబాసిడర్ కారు సర్వే నాకు అప్పగించారు. అప్పుడు నేను ఖమ్మంలో ఉండి మోటారు సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. సర్వేయర్ బీమా కంపెనీ ఉద్యోగి కాడు, లైసెన్సు ఉన్న స్వతంత్రుడు. దెబ్బతిన్న బండిని చూసి, నష్టం ఎలా కలిగిందో రాసివ్వడం వరకే అతని పని. క్లెయిమ్ ఇవ్వడం, మానడం కంపెనీ ఇష్టం. నాకు పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది గాని, వృత్తిలో అక్కరకొచ్చిన చదువులో సగం ఖమ్మం గ్రంథాలయంలో నా అంతట నేను చదువుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

కారు మార్తమ్మ టీచర్‌ది. ఆమె రిటైరై చాలాకాలమైంది. భర్త పోయాక ఆయన కారును అమ్మకుండా ఉంచుకున్నారు. దాన్ని నడిపేది సోమ్లా. అతనిది టేకులపల్లి దగ్గరి తండా. టీచర్ భర్త ఉన్నప్పటి నుంచీ ఆ ఇంటి డ్రైవరు. వ్యవహారాలు చూసేది ఆమె తమ్ముడు డానియేలు.

క్లెయిమ్ ఫారంలో డానియేలు రాసింది ఇది: చుట్టాలను భద్రాచలంలో దింపి ఖాళీ బండితో వస్తున్న సోమ్లా, దారిలో మొద్దుకో బండకో ట్యాంకును తగిలించాడు. నోటితో చెప్పింది ఇంకొంచెం ఉంది. తాగి, రోడ్డు వదిలి, అడవిబాటలో తన తండాకు పోయాడని ఆయన నమ్మకం. నేను వెళ్లేసరికి టీచర్ కారు తాళాలు తీసేసుకున్నారు. సోమ్లా గేటు బయట నిలబడి ఉన్నాడు.

డ్రైవరు వాంగ్మూలం తీసుకోవడం మా పద్ధతి. సోమ్లాను లోపలికి పిలిపించాను. టేకులపల్లి ఇవతల అడవిలో బండి రెండుసార్లు ఆగిందట. కాసేపు ఆగితే మళ్లీ స్టార్టయిందట. మూడోసారి ఇంజను గునుస్తూ ఆగబోతుండగా వెనక దబ్బుమని చప్పుడైందట. దిగి చూస్తే రోడ్డు మీద రాయి లేదు, మొద్దు లేదు. ఆ తర్వాత బండి ఇల్లందు దాకా ఎక్కడా ఆగకుండా వచ్చిందట. మర్నాడు పొద్దున షెడ్డులో పెట్రోలు వాసన వస్తే డానియేలు వంగి చూశాడు, సొట్ట కనపడింది.

డానియేలు నవ్వాడు. "వింటున్నరా సార్? దెబ్బ తగిలినంక ఇంజన్ మంచిగైందట. గట్లయితే బండి ఆగినప్పుడల్లా ఓ బండకేసి కొడదాం."

సోమ్లా ఆయన వైపు చూడలేదు. నాతోనే అన్నాడు. "అబద్ధమాడాల్నంటే ఇంతకన్న మంచిది ఆడకపోదునా సార్? మొద్దు తగిలిందంటే అయిపాయె. డానియేలు చిన్నసారు అదే అనుమంటుండు. తగలందాన్ని తగిలిందని ఎట్లంట?"

ఆ రోజు తేలవలసింది అదే. మొద్దు తగిలిందని ఒప్పుకుంటే క్లెయిమ్ వస్తుంది, కాని తండాకు పోయాడన్న మాట అతని మీద నిలిచిపోతుంది. ఒప్పుకోకపోతే ఆ ఇంట్లో పని ఉండదు.

కారు కిందికి దూరి చూశాను. ట్యాంకు అడుగు రేకు పైకి నొక్కుకుపోయి ఉంది. చూడగానే ఎవరైనా రాయి దెబ్బ అనే అంటారు. కాని రాయి తగిలితే గీత పడుతుంది, పెయింటు లేస్తుంది. ఇక్కడ ఏళ్లనాటి మట్టిపొర సొట్ట మీద కూడా చెదరకుండా ఉంది. అంబాసిడర్ ట్యాంకు డిక్కీ కింద బిగించి ఉంటుంది. పై రేకు కనపడదు. మెకానిక్‌ను పిలిపించి, పెట్రోలు తోడించి, ట్యాంకు కిందికి దింపించాను. డానియేలు విసుక్కున్నాడు, ఫొటో తీసుకుంటే చాలదా అని.

పై రేకు కూడా లోపలికే నొక్కుకుని ఉంది. ముడత పడినచోట అతుకు సన్నగా విచ్చింది. ఏ బండ అయినా కిందినుంచి పైకి కొడుతుంది, పై రేకును కిందికి లాగలేదు.

పెట్రోలు మూత చూపించమన్నాను. కొత్తది, తాళం ఉన్నది. పెట్రోలు దొంగతనాలు ఎక్కువయ్యాయని డానియేలే ఈమధ్యే ఖమ్మం నుంచి తెచ్చి బిగించాడు. పాత మూత పోయిందట. కొత్తదాన్ని చొక్కాకు తుడిచి, లోపలివైపు నోటికి ఆనించి ఊదాను. గాలి కొంచెం కూడా అవతలికి పోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ట్యాంకులోంచి పెట్రోలు పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. పాత కార్లలో గాలి వచ్చే దారి మూతకుండే సన్నని రంధ్రమే. కొత్త కార్లలో ఆవిరి బయటికి పోకుండా మూత బిగువుగా ఉంటుంది, గాలికి వేరే గొట్టం ఉంటుంది. కొత్తరకం మూత పాత ట్యాంకుకు పెడితే గాలికి దారే ఉండదు. పైగా ఈ కారుకు ఎవరో మెకానిక్ ట్యాంకులోంచి పెట్రోలు లాగే గట్టి ఎలక్ట్రిక్ పంపు బిగించాడు. అది పీలుస్తూనే ఉంది. పెట్రోలు అందక ఇంజను రెండుసార్లు ఆగింది. కాసేపు ఆగితే, మూతలోంచి కాకపోయినా దాని అంచు చుట్టూ ఉన్న సన్నని సందుల్లోంచి గాలి కొంత చేరేది, మళ్లీ నడిచేది. చివరికి బయటి గాలి బరువుకు రేకు లొంగిపోయింది. అదే ఆ చప్పుడు. అతుకు విచ్చిన సందులోంచి గాలి లోపలికి పోయింది కాబట్టి ఆ తర్వాత ఇంజను చక్కగా నడిచింది.

గాలికి ఇంత బరువుందని నేను తెలుసుకున్నది గ్రంథాలయంలో, అట్ట ఊడిన ఒక భౌతికశాస్త్రం పుస్తకంలో. అదంతా టీచర్‌కు చెప్పబోయి, బల్ల మీది ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసా తీసుకుని, మూతి నోట్లో పెట్టుకుని గాలి పీల్చాను. సీసా రెండు వైపులా లోపలికి ముడుచుకుపోయింది. ఆమె సీసాను చూశారు, ట్యాంకును చూశారు, తమ్ముణ్ని చూశారు.

డానియేలు మూతను చేతిలోకి తీసుకుని అన్నాడు. "అంటే నేను తెచ్చిన మూతేనా?"

మంచికే తెచ్చారని, అది ఈ బండికి తగినది కాదని మాత్రం చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పక తప్పలేదు. బయటి దెబ్బకైతేనే బీమా వర్తిస్తుంది. ఇలాంటి దానికి క్లెయిమ్ రాదు. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, కింది సొట్ట ఒక్కటే రాయరాదా అని అడిగాడు. వెనక నుంచి టీచర్ పిలిచారు.

"డానియేలూ, ఉన్నది రాయనీ. నువ్వనే రాతకు ఒక మనిషి బలైతడు."

ఆమె లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి సోమ్లా చేతిలో పెట్టారు. క్షమించమనలేదు. ట్యాంకు బాగయ్యాక కొత్తగూడెం దవాఖానకు పోవాలన్నారు, అంతే. సోమ్లా తాళాలు జేబులో వేసుకుని, "ఈసారి మూత నేనే తెస్త టీచరమ్మా. చిన్నసారుకెందుకు తకలీఫ్" అన్నాడు. డానియేలు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

నివేదికలో ఉన్నదే రాశాను. క్లెయిమ్ రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ ట్యాంకునూ కింది రేకు చూసి తేల్చలేదు, దింపించి పై రేకు చూశాకే రాశాను. వాంగ్మూలాల విషయంలోనూ పద్ధతి మారింది. అంతకుముందు మిగతా కథకు అతకని ముక్కను పొరపాటు కింద వదిలేసేవాణ్ని. తర్వాత దాన్నే మొదట రాసుకుని, అది నిజమైతే ఏం జరిగి ఉండాలో చూడటం అలవాటు చేసుకున్నాను.