పడుకోవడం నేర్చుకోవడానికి వెళ్ళాం

పడుకోవడానికి కూడా ట్రైనింగ్ ఏమిటని నేను మొదటే అన్నాను. మా వదిన వినలేదు. ఆవిడ మా ఆయనకి అక్క. మేముండే ఈ బెంగాలీ ఊళ్ళో, ఖరిదా పేటలో మా వీధిలోనే ఉంటుంది, అరవై దాటినా గొంతు మాత్రం తగ్గలేదు. ఊరి బయట సాలువా దాటాక జీడితోటల మధ్య ఒక ఇంట్లో మూడు రోజుల యోగా ఉందని, ఒళ్ళు వంచే పనేమీ ఉండదని, దిండ్ల మీద ఆనుకుని పడుకోవడమే ఆ యోగా అని ఎవరో చెప్పారట. నేర్పే బెంగాలీ దీదీ ఇటలీలో ఏదో పల్లెటూళ్ళో, ఆలివ్ తోటల్లో, పదేళ్ళు తెల్లవాళ్ళకి ఇదే నేర్పి వచ్చిందట.

"తెల్లోళ్ళు ఇమానం ఎక్కి మరీ పోయి తొంగుంటారంట. ఆటో ఎక్కడానికి నీకేటి బాధ?" అంది వదిన.

బాధ ఆటో ఎక్కడానికి కాదు, పడుకోవడానికే. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఓ మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చారు. నేను పక్కనే కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. నిద్ర పట్టింది కదా, చలేస్తుందేమోనని ఫ్యాన్ కూడా తగ్గించాను. టీ పెట్టి లేపితే లేవలేదు. జానెడు దూరంలో కూర్చుని కూడా ఆ మనిషి ఎప్పుడు పోయారో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి నేను వెల్లకిలా పడుకోలేను. గోడకి చేరబడి కునుకు తీస్తాను. ఎదుటివాళ్ళు నిద్రపోతుంటే మరీ భయం. ఇంటికొచ్చిన చుట్టాలు కళ్ళు మూస్తే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఒకావిడ మెలకువ వచ్చి కెవ్వుమంది, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నవ్వుకోండి, నేనూ నవ్వాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. బీపీ మాత్రలు పెంచి, నిద్ర లేకపోతే ఈ మాత్రలు కూడా ఏం చెయ్యలేవమ్మా, ఇలాగే ఉంటే ఏదో ఒక రోజు పక్షవాతం వస్తుంది అన్నాడు. ఆ మాట విన్నాకే వదిన నా సంచీ తనే సర్దింది.

మొదటి రెండు రోజులూ నేను గోడ వదల్లేదు. దీదీ బలవంతం చెయ్యలేదు. "శుధు శుయే థాకున్," ఊరికే పడుకోండి, అంతే అని అందరికీ చెప్పేది. నా దగ్గరికి వచ్చేసరికి వీపు వెనక ఒక దిండు పెట్టి వెళ్ళిపోయేది. పదిమంది ఆడవాళ్ళు చాపల మీద పడుకుని ఉంటే, నేను ఒక్కదాన్నే రైల్లో టీసీలా వరసపెట్టి అందరి పొట్టలూ తనిఖీ చేసేదాన్ని. లేచిందా, దిగిందా. ఇందా అనే పేట నుంచి వచ్చిన లావుపాటి టీచరమ్మ ఒకావిడ గురకపెట్టేది. ఆవిడ ఒక్కర్తే నాకు మనశ్శాంతి.

మూడో రోజు మధ్యాహ్నం శవాసనం అన్నారు. ఆ పేరు వినగానే నేను గోడకి ఇంకా దగ్గరగా జరిగాను. దీదీ ఒక్కొక్కరినీ వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, కళ్ళ మీద గుడ్డ వేసి, తెల్లదుప్పటి కప్పుతూ వచ్చింది. వదినకి పాదాలు నిలవడం లేదు, చెరో పక్కకీ జారిపోతున్నాయి. దీదీ సంచీలోంచి మెత్తటి నాడా ఒకటి తీసి, వదిన కాలి బొటనవేళ్ళు రెండూ దగ్గరికి చేర్చి ముడివేసింది.

పాపం, దీదీ మనసులో ఏమీ లేదు. మా వాళ్ళలో బొటనవేళ్ళు అలా కలిపి కట్టేది ఒక్కసారే, మనిషి పోయాక. పిల్లలు ఆటకి కట్టుకున్నా వీపు విమానం మోత మోగుతుంది.

వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోపే దీదీ తర్వాతి చాప దగ్గరికి వెళ్ళిపోయింది. నేను వదిన పొట్ట వైపు చూశాను. దుప్పటి కదలడం లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఇరవై దాకా లెక్కపెట్టాను. కదలడం లేదు. మళ్ళీ పక్కనే కూర్చుని ఉన్నాను, మళ్ళీ నాకు తెలియకుండానే అయిపోయింది అనుకున్నాను.

మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను. ముక్కు దగ్గర వేలు పెట్టే ధైర్యం లేకపోయింది. ముడి విప్పేస్తే బతుకుతుందన్నట్టు దాన్నే పట్టుకున్నాను. లాగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంది. పళ్ళతో లాగుదామని వంగాను.

"ఇప్పకే," అంది వదిన, కళ్ళ మీద గుడ్డ తియ్యకుండానే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒదినా, నువ్వు కూడా పోనావనుకున్నాను. ఆవిడ ఏటి కట్టిందో తెలిసిందా నీకు?" అన్నాను ఏడుస్తూ.

"తెలిసింది. తెలిసే ఊరుకున్నాను."

గుడ్డ కింద ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి. మా ఆయన పోయిన రోజు ఆయన కాలివేళ్ళు నేను కట్టనివ్వలేదు. నిద్రపోతన్నారు, కట్టకండి, నొప్పెడతాది అని అందరి మీదా పడ్డానట. నాకు గుర్తులేదు. నన్ను పక్కగదిలోకి లాక్కుపోయాక ఎవరు కట్టారో నేను ఎప్పుడూ అడగలేదు.

"నానే కట్టినాను," అంది వదిన. "నొప్పెడతాది అని నువ్వు అరిసినావు గదా, ఆ అరుపు నా సెవుల్లోంచి పోనేదు. గట్టిగా కట్టేసినానేమో, ఆడికి నొప్పెట్టిందేమో అని రెండేళ్ళ బట్టీ అదే గుబులు. ఈయేల నాకూ కట్టింది. నొప్పి నేదే పిల్లా. ఏటీ నేదు."

తమ్ముడు పోయినా ఈ మనిషి నిబ్బరంగా ఉందని ఇన్నాళ్ళూ లోపల కుళ్ళుకున్నాను. సిగ్గేసింది. పక్కనే ఉన్న నా చాప మీద వెల్లకిలా వాలి, దీదీని పిలిచి నా కాళ్ళకీ కట్టమన్నాను. ముడి పడుతుంటే వదిన చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాను. నొప్పి మాత్రం లేదు. ఆయనకీ నొప్పెట్టలేదు. అలా పడుకునే ఏడ్చాను, కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి. ఏడుస్తూనే నిద్రపోయానని వదిన తర్వాత చెప్పింది.